పెరిగినంత మాత్రాన కారణమవుతుందా?

కొద్ది రోజుల క్రితం అల్జీమర్స్ జబ్బు గురించి ఒక సుదీర్ఘ కథనం చదివాను. రోగుల రక్తంలో కొన్ని మైక్రో ఆర్ఎన్ఏలు (జన్యువుల నుంచి ప్రొటీన్ తయారీని తగ్గించే చిన్న ఆర్ఎన్ఏ ముక్కలు) పెరిగాయనీ, మరికొన్ని తగ్గాయనీ పొడవాటి జాబితా ఇచ్చి, ఆ వెంటనే, మధ్యలో ఏ మెట్టూ లేకుండా, వీటిని సరిదిద్దితే జబ్బును మూలంలోనే సరిదిద్దినట్టవుతుందని ఆ రచయిత తేల్చేశారు. మైక్రో ఆర్ఎన్ఏలను కనుగొన్నందుకు 2024లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు నోబెల్ బహుమతి వచ్చినప్పటి నుంచి ఇలాంటి కథనాలు నాకు తరచుగా ఎదురవుతున్నాయి. ఒకసారి ఆటిజం, మరొకసారి మూర్ఛ, ఇంకొకసారి స్కిజోఫ్రీనియా. జబ్బు పేరు మారుతుంది, జాబితా మారుతుంది, ముగింపు మాత్రం మారదు.

మైక్రో ఆర్ఎన్ఏలు లేకపోతే మన మెదడు ఇప్పుడున్నట్టుగా ఏర్పడేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నమ్మకానికి ఆధారాలున్నాయి, వాటిలో కొన్నింటిని కిందే చెబుతాను. సరిగ్గా అందుకే ఈ తొందరపాటు నన్ను బాధిస్తుంది. ఒక జబ్బులో ఒక మైక్రో ఆర్ఎన్ఏ పరిమాణం మారిందంటే, అది ఆ జబ్బును చూసిన సాక్షి అని మాత్రమే అప్పటికి మనకు తెలిసినట్టు. దాన్ని తీసేస్తే ఏమవుతుంది, తిరిగి ఇస్తే ఏమవుతుంది, అది ఏ మెసెంజర్ ఆర్ఎన్ఏ (జన్యువు సమాచారాన్ని ప్రొటీన్ తయారీకి మోసే అణువు) మీద ఏ చోట అతుక్కోవడం వల్ల ఆ ఫలితం వచ్చింది అన్న ప్రశ్నలకు బతికున్న జంతువులో జవాబు దొరికేదాకా దాన్ని కారణం అనకూడదన్నది నా అభిప్రాయం. ఇది అతి జాగ్రత్త అని కొందరు స్నేహితులు అన్నారు. వాళ్ల వాదనలో బలం ఉన్న చోట్లు కూడా ఉన్నాయి.

మొదటి పురుగు నేర్పిన పాఠం

ఈ తొందరపాటుకు ఒక మూలం ఈ శాస్త్రం పుట్టిన తీరులోనే ఉందని నాకనిపిస్తుంది. 1993లో ఆంబ్రోస్ బృందం సీ. ఎలిగాన్స్ అనే సూక్ష్మమైన పురుగులో లిన్-4 జన్యువును పట్టుకున్నప్పుడు, అది ప్రొటీన్‌ను కాక కేవలం 22 రసాయన అక్షరాల చిన్న ఆర్ఎన్ఏను తయారుచేస్తుందని తెలిసింది. అదే సమయంలో రవ్‌కన్ బృందం, లిన్-14 అనే మరో జన్యువు మెసెంజర్ ఆర్ఎన్ఏ చివరి భాగంలో ఆ చిన్న ఆర్ఎన్ఏకు జతపడే చోట్లు ఉన్నాయని చూపింది. లిన్-4 లోపిస్తే పురుగు ఎదుగుదల క్రమమే తప్పిపోతుంది, ఒక దశలో జరగాల్సిన కణవిభజనలు మళ్లీ మళ్లీ జరుగుతాయి. 2000లో దొరికిన రెండోది, లెట్-7, కూడా అలాంటిదే. అది పురుగులోనే కాక ఈగల్లో, చేపల్లో, మనుషుల్లో కూడా మారకుండా ఉందని తేలాక ప్రపంచం మేల్కొంది.

అయితే ఈ రెండూ ఎలా దొరికాయో గుర్తుపెట్టుకోవాలి. చెడిపోయినప్పుడు కంటికి కనిపించేంత పెద్ద లోపం వచ్చే జన్యువుల కోసం వెతికే పద్ధతిలో దొరికాయి. అటువంటి వెతుకులాటలో అటువంటివే దొరుకుతాయి. లిన్-14 మీద లిన్-4 జతపడే చోట్లు ఒకటి కాదు, ఏడు ఉన్నాయి, అంత గట్టి పట్టు అన్నిచోట్లా ఉండదు. 2007లో అదే పురుగులో అప్పటికి తెలిసిన మైక్రో ఆర్ఎన్ఏ జన్యువుల్లో ఎక్కువ భాగాన్ని ఒక్కొక్కటిగా తొలగించి చూస్తే, అత్యధికం పురుగుకు పైకి కనిపించే లోపమేదీ తీసుకురాలేదు. తొలి రెండు ఉదాహరణలు మనకు ఒక అంచనా ఇచ్చాయి, ఆ అంచనా మిగతావాటికి సరిపోలేదు.

ఎందుకు సరిపోలేదో అవి పనిచేసే తీరును చూస్తే అర్థమవుతుంది. ఒక మైక్రో ఆర్ఎన్ఏ తన గురిని గుర్తుపట్టేది ప్రధానంగా రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం వరకు ఉన్న చిన్న భాగంతోనే. అంత చిన్న భాగానికి సరిపోయే చోట్లు వందల మెసెంజర్ ఆర్ఎన్ఏల మీద ఉంటాయి. మనిషిలో ప్రొటీన్ తయారుచేసే జన్యువుల్లో 60 శాతానికి పైగా, పరిణామక్రమంలో చెరగకుండా నిలిచిన ఇటువంటి చోట్లను మోస్తున్నాయి. 2008లో రెండు బృందాలు విడివిడిగా, ఒక్కో మైక్రో ఆర్ఎన్ఏ ప్రభావాన్ని కణంలోని వేల ప్రొటీన్ల మీద కొలిచాయి. వందల ప్రొటీన్లు తగ్గాయి, కానీ వాటిలో చాలామటుకు తగ్గుదల సగానికి కూడా చేరలేదు. ఒక ప్రొటీన్ అయిదోవంతో, పదోవంతో తగ్గితే నాడీకణానికి ఏమవుతుంది? చాలా ప్రొటీన్ల విషయంలో ఏమీ కాదు. కొన్నిటి విషయంలో చాలా అవుతుంది. ఏవి ఆ కొన్ని అన్నదే అసలు పని, ఆ పని నెమ్మదిగానే జరుగుతుంది.

మిర్-124, చేయగలిగింది వేరు, చేస్తున్నది వేరు

మెదడులో అత్యంత సమృద్ధిగా ఉండే మైక్రో ఆర్ఎన్ఏల్లో మిర్-124 ఒకటి. పురుగు నుంచి మనిషి దాకా దాని అక్షరాలు దాదాపు మారలేదు, ప్రతి జంతువులోనూ అది నాడీకణాల్లోనే ఉంటుంది. 2005లో దాన్ని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి వచ్చిన హీలా కణాల్లోకి పంపితే, వందకు పైగా మెసెంజర్ ఆర్ఎన్ఏలు తగ్గి, ఆ కణంలో జన్యువుల వ్యక్తీకరణ, అంటే ఏ జన్యువు ఎంత పనిచేస్తోందన్నది, మెదడు తీరు వైపు జరిగింది. ఆ తర్వాత దాని గురుల్లో పీటీబీపీ1 అనే ప్రొటీన్ ఒకటని తేలింది. ఆ ప్రొటీన్ ఉన్నంతకాలం నాడీకణానికి ప్రత్యేకమైన మెసెంజర్ ఆర్ఎన్ఏ కూర్పులు (ముక్కలను కత్తిరించి కలపడం) జరగవు, మిర్-124 దాన్ని అణచివేస్తే ఆ కూర్పులకు దారి తెరుచుకుంటుంది. 2011లో మరో అడుగు పడింది. మనిషి చర్మం కింది ఫైబ్రోబ్లాస్ట్ కణాల్లో మిర్-9, మిర్-124లను కలిపి ఉంచితే కొన్ని కణాలు నాడీకణాలుగా మారాయి.

ఈ ప్రయోగాలు నిజంగా అందమైనవి. మెదడు పుట్టుకకు మీట మిర్-124 చేతిలో ఉందని చెప్పేవాళ్లు ఎప్పుడూ వీటినే చూపిస్తారు. నేను కూడా వీటిని మొదటిసారి చదివినప్పుడు ఆ మాట నమ్మదగినదేననుకున్నాను. అయితే ఆ 2011 ప్రయోగంలోనే మైక్రో ఆర్ఎన్ఏలు ఒంటరిగా మార్చగలిగిన కణాలు తక్కువ. న్యూరోడీ2 వంటి ప్రొటీన్లను జతచేసినప్పుడే ఆ మార్పు బాగా ఊపందుకుంది. పైగా, లేనిచోట ఎక్కువ మోతాదులో పెట్టి చూసే ప్రయోగం ఆ అణువు ఏం చేయగలదో చెబుతుంది. పెరుగుతున్న మెదడులో అది రోజూ ఏం చేస్తోందో తెలియాలంటే దాన్ని తీసేయాలి.

తీసేసి చూశారు. పురుగులో మిర్-124ను పూర్తిగా తొలగిస్తే పైకి లోపం కనపడలేదు. పండ్ల ఈగలో తొలగిస్తే ఈగలు బతికాయి, నాడీవ్యవస్థ మొత్తం మీద ఏర్పడింది. నాడీసంకేతాల ప్రసారంలో, ఆయుర్దాయంలో మాత్రం లోపాలు వచ్చాయి. చిట్టెలుకలో మిర్-124కు మూడు జన్యువులున్నాయి. వాటిలో ప్రధానమైనదాన్ని తొలగించిన 2011 నాటి అధ్యయనంలో మెదడు చిన్నదైంది, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో నాడీతంతువులు దారితప్పి పెరిగాయి, కంటిపొరలో రంగులను గుర్తించే కణాలు కొన్ని చనిపోయాయి. నాడీకణాలు పుట్టడం మాత్రం ఆగలేదు. మిర్-124 లేకుండానే నాడీకణం నాడీకణమవుతుంది, కానీ దాని కొమ్మలు, దాని బంధాలు, దాని మనుగడ గట్టిగా ఉండవు. ఈ ఫలితాన్ని నిరాశగా చూసేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇదే ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది, ఎందుకంటే మనుషుల్లో నాడీ జబ్బులు చాలావరకు కనిపించేది ఇలాగే. ఆ జబ్బుల్లో మెదడు ఏర్పడకపోవడం అరుదు. ఏర్పడిన మెదడులో బంధాలు, నిలకడ, సమయపాలన తప్పుతుంటాయి.

అన్నిటినీ ఒకేసారి తీసేసిన ప్రయోగాలు కూడా ఇదే దిశలో మాట్లాడతాయి. మైక్రో ఆర్ఎన్ఏను చివరి రూపానికి కత్తిరించే డైసర్ అనే ఎంజైమ్ తల్లి నుంచి గానీ, సొంత జన్యువుల నుంచి గానీ అందని జీబ్రాచేప పిండాలను 2005లో పరిశీలించారు. శరీరం అక్షం ఏర్పడింది, ముఖ్యమైన కణజాతులన్నీ పుట్టాయి, నాడీకణాలతో సహా. చెడిపోయింది మెదడు ఆకారం. మడతలు, లోపలి గదులు సరిగా ఏర్పడలేదు. మిర్-430 అనే ఒక్క కుటుంబాన్ని ఇంజెక్ట్ చేస్తే ఆ ఆకారం చాలావరకు తిరిగి వచ్చింది. చిట్టెలుక ముందుమెదడులో డైసర్‌ను తొలగిస్తే మెదడు పైపొర అయిన కార్టెక్స్ చిన్నదై, కొత్తగా పుట్టిన నాడీకణాలు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. చిన్నమెదడులోని పర్కింజె కణాల్లో మాత్రమే తొలగిస్తే, మైక్రో ఆర్ఎన్ఏలు మాయమైనా ఆ కణాలు కొన్ని వారాలు మామూలుగానే పనిచేసి, తర్వాత మెల్లగా క్షీణించి, ఎలుక నడక తూలింది. కాలువ గట్టు విలువ వరద వచ్చిన రోజునే తెలిసినట్టు, మైక్రో ఆర్ఎన్ఏల విలువ కణం మీద ఒత్తిడి పెరిగినప్పుడు, వయసు మీదపడినప్పుడు బయటపడుతుంది. డైసర్‌కు మైక్రో ఆర్ఎన్ఏల తయారీతో పాటు వేరే పనులూ ఉన్నాయి కాబట్టి ఈ ప్రయోగాల్లోని ప్రతి లోపాన్నీ మైక్రో ఆర్ఎన్ఏల ఖాతాలోనే వేయలేమన్న అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటాను. చేపలో మిర్-430 తిరిగి ఇచ్చినప్పుడు ఆకారం తిరిగి రావడం ఆ అభ్యంతరానికి కొంత సమాధానం.

ప్రభావం చిన్నది కాబట్టి ప్రాముఖ్యం చిన్నదని నేను అనడం లేదని ఇక్కడ స్పష్టం చేయాలి. 2022లో వచ్చిన ఒక అధ్యయనం ఆక్టోపస్‌లలో అంతకుముందు ఎక్కడా కనిపించని 42 కొత్త మైక్రో ఆర్ఎన్ఏ కుటుంబాలను గుర్తించింది. అవి ప్రధానంగా నాడీకణజాలంలోనే, అందులోనూ పిండం ఎదిగే దశలో పనిచేస్తున్నాయి. వెన్నెముక లేని జంతువుల్లో అంత సంక్లిష్టమైన మెదడు ఉన్న జంతువులోనే ఇంత విస్తరణ కనిపించడం ఊరికే జరిగిందని నేననుకోను. అయినా ఇది కూడా సహసంబంధమేనని నాకు నేనే గుర్తుచేసుకుంటాను. ఇతరులకు పెట్టే నియమం నాకు నచ్చిన ఫలితానికీ వర్తించాలి.

చనిపోయిన కణాలు మోసిన నింద

జబ్బుల దగ్గరికి వస్తే, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఉదాహరణ పార్కిన్సన్స్‌ది. 2007లో వెలువడిన ఒక ముఖ్యమైన పరిశోధన, కదలికల అదుపుకు అవసరమైన డోపమైన్ అనే సంకేత రసాయనాన్ని తయారుచేసే నాడీకణాలున్న మధ్యమెదడులో మిర్-133బి సమృద్ధిగా ఉంటుందనీ, పార్కిన్సన్స్ రోగుల మధ్యమెదడులో అది తగ్గిపోయిందనీ చూపింది. డోపమైన్ కణాలకు అవసరమైన పిట్‌ఎక్స్3 ప్రొటీన్‌తో అది పరస్పర నియంత్రణ వలయంలో ఉందని కూడా ప్రయోగశాలలో పెంచిన కణాల్లో తేలింది. కథ పూర్తిగా కుదిరింది. ఆ తర్వాత చాలా సమీక్షావ్యాసాల్లో మిర్-133బి పార్కిన్సన్స్ కారకాల పట్టికలోకి చేరింది. 2012లో మరో బృందం మిర్-133బిని పూర్తిగా తొలగించిన చిట్టెలుకలను తయారుచేసింది. వాటిలో డోపమైన్ నాడీకణాల సంఖ్య మామూలుగా ఉంది, పిట్‌ఎక్స్3 మామూలుగా ఉంది, కదలికలు మామూలుగా ఉన్నాయి.

మరి రోగుల మెదడులో అది ఎందుకు తగ్గింది? పార్కిన్సన్స్‌తో మరణించిన వ్యక్తి మధ్యమెదడులో డోపమైన్ కణాలు అప్పటికే పెద్ద సంఖ్యలో నశించి ఉంటాయి. ఆ కణాల్లో ఎక్కువగా ఉండే ఏ అణువును కొలిచినా తక్కువే కనిపిస్తుంది. కణాలు పోవడం వల్ల అణువు తగ్గిందా, అణువు తగ్గడం వల్ల కణాలు పోయాయా అన్నది మరణానంతర కణజాలం ఎన్నిసార్లు కొలిచినా చెప్పదు. అల్జీమర్స్‌లోనూ ఇదే చిక్కు. నాడీకణాలు తగ్గి, చుట్టూ ఉండే గ్లియా కణాలు పెరిగిన కణజాలంలో నాడీకణాల మైక్రో ఆర్ఎన్ఏలు తగ్గినట్టూ, మిర్-155 వంటి వాపుకు సంబంధించినవి పెరిగినట్టూ కనిపించడంలో వింతేమీ లేదు.

రక్తపరీక్షల జాబితాలకు ఇంకో బలహీనత ఉంది. రక్తం తీసేటప్పుడో, నిలవ చేసేటప్పుడో ఎర్రకణాలు కొన్ని పగిలితే వాటిలోని మిర్-451, మిర్-16 ప్లాస్మాలోకి వచ్చేస్తాయి. నమూనాను ఎంతసేపు ఉంచారు, ఎంత వేగంతో తిప్పారు, ప్లేట్‌లెట్లు ఎన్ని మిగిలాయి అన్న వాటిని బట్టి జాబితా మారిపోతుంది. ఒక అధ్యయనంలో పెరిగినది మరో అధ్యయనంలో తగ్గడానికి ఇది ఒక ముఖ్య కారణం. మతిమరుపు మొదలైన తండ్రినో తల్లినో చూసుకుంటున్న కుటుంబం ఇలాంటి జాబితా మీద ఆధారపడి నిర్ణయాలు తీసుకోవడం నాకు ఆందోళన కలిగిస్తుంది.

జన్యుపరిశోధనలోనూ ఇటువంటి కథ ఒకటుంది. 2005లో టూరెట్ సిండ్రోమ్ (అసంకల్పితంగా కదలికలు, శబ్దాలు వచ్చే జబ్బు) ఉన్న ఇద్దరు పరస్పర సంబంధంలేని వ్యక్తుల్లో, ఎస్ఎల్ఐటీఆర్‌కే1 అనే జన్యువు చివర్లో మైక్రో ఆర్ఎన్ఏ అతుక్కునే చోట ఒకే ఒక అక్షరం మారి ఉందని ప్రకటించారు. మైక్రో ఆర్ఎన్ఏ పట్టు మారడం వల్ల ఒక నాడీ జబ్బు వస్తుందనడానికి అది తొలి మానవ ఉదాహరణగా ఎంతో ప్రచారం పొందింది. తర్వాతి అధ్యయనాల్లో అదే మార్పు టూరెట్ లక్షణాలు లేనివారిలో కూడా కనిపించింది. మొదటి పరిశోధకులను తప్పుపట్టను, వాళ్లు చూసింది వాళ్లు చెప్పారు. వాళ్లు ప్రశ్నగా వదిలినదాన్ని మనం జవాబుగా చదివాం.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

నా స్నేహితురాలి కొడుకుకు చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉంది, మందులకు పూర్తిగా లొంగలేదు. 2013 నాటి ఒక ప్రయోగం గురించి ఎక్కడో చదివి ఆమె నన్ను అడిగింది: "మిర్-128 అనే ఒక్క చిన్న ముక్క లేకపోతేనే ఎలుకలకు ప్రాణం తీసే మూర్ఛ వచ్చిందట కదా. అలాంటప్పుడు ఆ ముక్కను వీడికి ఎక్కిస్తే తగ్గిపోవాలి కదా?" ఆమె ప్రశ్నలో తర్కదోషమేమీ లేదు. చదివిన వాక్యం అలాంటి ఆశనే ఇస్తుంది.

ఆ ప్రయోగం నిజంగా గట్టిది, నేను పెట్టుకున్న నియమానికి నిలబడేది. మిర్-128ను తొలగించిన ఎలుకల్లో మొదట కదలికలు విపరీతంగా పెరిగి, తర్వాత మూర్ఛలు వచ్చి అవి చనిపోయాయి. మెదడంతటా కాకుండా ఒకరకం డోపమైన్ గ్రాహకమున్న నాడీకణాల్లో మాత్రమే తొలగించినా అదే జరిగింది. నాడీకణం ఎంత తేలికగా ఉత్తేజితమవుతుందన్నది నిర్ణయించే అనేక జన్యువులను అది ఒకేసారి కొద్దికొద్దిగా అదుపులో ఉంచుతుందని తేలింది. ఒక్క మైక్రో ఆర్ఎన్ఏ ప్రభావం ఎప్పుడూ చిన్నదేనని ఎవరైనా అంటే, నేను చూపించేది దీన్నే.

కానీ దాని పక్కనే 2012 నాటి మరో ప్రయోగాన్ని పెట్టాలి. నాడీకణం కొమ్మలైన డెండ్రైట్ల మీద ఉండే సన్నని ముళ్లలాంటి బుడిపెల పరిమాణాన్ని మిర్-134 తగ్గిస్తుందని 2006 నుంచే తెలుసు. మూర్ఛ ఉన్న ఎలుకల మెదడులో ఈ మిర్-134ను అడ్డుకునే అణువును ఎక్కిస్తే తర్వాతి మూర్ఛలు బాగా తగ్గాయి. ఒక మూర్ఛలో ఒకటి లేకపోవడం, మరో మూర్ఛలో మరొకటి ఎక్కువ కావడం. రెండో ప్రయోగంలో మూర్ఛకు మూలం మిర్-134 కాదు, మెదడుకు కావాలని కలిగించిన గాయం. మూలం కాని అణువును అడ్డుకున్నా ఉపయోగం ఉండవచ్చునన్నది నా వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం, దీన్ని నేను తోసిపుచ్చలేను. కారణమేదో తేలేదాకా చికిత్స గురించి ఆలోచించవద్దని నా మాటకు అర్థం వస్తే ఆ అర్థం తప్పు. మిర్-134ను అడ్డుకోవడం పనిచేస్తుందని చెప్పింది కూడా జంతువులో తగ్గించి చూసిన ప్రయోగమే గానీ జాబితా కాదు.

ఆమెకు నేను చెప్పినది ఇంతే. ఆ ఎలుకల్లో లోపం ఏదో పరిశోధకులే పెట్టారు కాబట్టి వాళ్లకు తెలుసు. మీ అబ్బాయికి మూర్ఛ ఎందుకు వచ్చిందో ముందు తెలియాలి, దానికి జన్యుపరీక్ష గురించి మీ న్యూరాలజిస్టును అడుగు. ఆర్ఎన్ఏను రక్తంలోకి ఎక్కిస్తే అది మెదడులోకి చేరడం చాలా కష్టం, రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ దాన్ని ఆపుతుంది. చేరినా వందల జన్యువులను తాకే అణువు ఒక్కచోటే పనిచేయమంటే చేయదు. కాలేయ క్యాన్సర్ తదితర కణితుల రోగులకు మిర్-34 నకలును ఇచ్చిన తొలిదశ పరీక్షను, తీవ్రమైన రోగనిరోధక దుష్ప్రభావాలు కనిపించడంతో 2016లో ఆపేయాల్సి వచ్చింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. జన్యుపరీక్ష సంగతి మాత్రం రాసుకుంది.

నిజంగా కారణమని తేలిన చోట

మనుషుల్లో మైక్రో ఆర్ఎన్ఏ వ్యవస్థ చెడిపోవడమే నాడీ ఎదుగుదల లోపానికి కారణమని తిరుగులేకుండా తేలిన ఉదాహరణలు కొన్నే ఉన్నాయి, అవి జాబితాల్లో సాధారణంగా కనపడవు. 2011లో మిర్-17-92 అనే మైక్రో ఆర్ఎన్ఏల సమూహాన్ని మోసే జన్యువు ఒక ప్రతి పోవడం వల్ల చిన్న తల, పొట్టితనం, వేళ్ల లోపాలు వస్తాయని గుర్తించారు. దీన్ని ఫైన్‌గోల్డ్ సిండ్రోమ్ రెండో రకం అంటారు. 2020లో, మైక్రో ఆర్ఎన్ఏను పట్టుకుని గురి దగ్గరికి తీసుకెళ్లే ఆర్గొనాట్-2 ప్రొటీన్ జన్యువులో మార్పులున్న 21 మందిని ఒక అంతర్జాతీయ బృందం వివరించింది. వాళ్లలో మాట ఆలస్యంగా రావడం, కదలికల్లో జాప్యం, మేధో వైకల్యం కనిపించాయి. ఒక చోట ఒక సమూహం మొత్తం, మరొక చోట యంత్రాంగమే దెబ్బతిన్నాయన్నది గమనించాలి. చిన్న చిన్న ప్రభావాలు వందల చోట్ల కూడినప్పుడు మెదడు తట్టుకోలేకపోతుంది.

ఈ నమూనాకు లొంగని ఒక ఫలితం నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. 2018లో ఒక బృందం, చిట్టెలుకలో ఎన్‌ఆర్‌ఈపీ అనే జన్యువు మెసెంజర్ ఆర్ఎన్ఏ చివర మిర్-29 అతుక్కునే ఒకే ఒక చోటును చెరిపింది. ఆ ప్రొటీన్ కోడ్‌ను ముట్టుకోలేదు. ఎలుకల ప్రవర్తన మారింది, కొత్త కదలికలు నేర్చుకోవడంలో వెనుకబడ్డాయి. వందల చోట్లు కలిస్తేనే ప్రభావమంటే ఒక్క చోటు చెరిపితే ఇంత జరగకూడదు. కారణం ఏమిటంటే, ఆ చోట జత ఎంత పొడవుగా, ఎంత గట్టిగా ఉందంటే, మెసెంజర్ ఆర్ఎన్ఏ అణగిపోవడానికి బదులు మిర్-29 కుటుంబంలోని మిర్-29బియే నాశనమవుతుంది. చోటు చెరిపేస్తే చిన్నమెదడులో మిర్-29బి పేరుకుపోతుంది. అంటే గురి అనుకున్నదే నియంత్రించేది అయింది. మెదడులో అత్యధికంగా ఉండే వృత్తాకార ఆర్ఎన్ఏ ఒకటి మిర్-7 కోసం 70కి పైగా చోట్లు మోస్తోందని 2013 నుంచి తెలుసు. ఎవరు ఎవరిని అదుపు చేస్తున్నారో ముందే అనుకుని కొలిస్తే తప్పుదారి పట్టడం ఎంత సులభమో ఈ రెండూ చూపిస్తాయి.

అల్జీమర్స్ జాబితాలన్నిటిలోనూ మళ్లీ మళ్లీ తగ్గినట్టు కనిపించే మిర్-132 విషయంలో నా సందేహం ఇప్పటికీ రెండువైపులా ఊగుతోంది. నాడీకణం చురుగ్గా పనిచేసినప్పుడే ఆ మైక్రో ఆర్ఎన్ఏ ఎక్కువగా తయారవుతుంది, కాబట్టి చురుకుదనం తగ్గిన మెదడులో అది తగ్గడం కేవలం పర్యవసానం కావచ్చు. అయితే దాన్ని తొలగించిన ఎలుకల్లో అల్జీమర్స్ మెదడులో పేరుకుపోయే టౌ ప్రొటీన్ మార్పులు ఎక్కువయ్యాయి, జబ్బు నమూనా ఎలుకలకు తిరిగి ఇస్తే జ్ఞాపకశక్తి కొంత మెరుగుపడింది. పర్యవసానంగా మొదలైనదే జబ్బును ముందుకు తోసే కారణంగా మారుతుండవచ్చు. ఇలాంటి సందర్భంలో సాక్షి, కారణం అన్న నా విభజన అంత పదునుగా నిలవదని ఒప్పుకోక తప్పదు.

హంటింగ్టన్స్ అనే వంశపారంపర్య మెదడు జబ్బుకు సంబంధించి 2025లో వచ్చిన వార్తను చాలామంది మైక్రో ఆర్ఎన్ఏ చికిత్సకు రుజువుగా చూపుతున్నారు. ఏఎంటీ-130 అనే ఆ చికిత్సలో ఒక నిరపాయకరమైన వైరస్ ద్వారా కృత్రిమ మైక్రో ఆర్ఎన్ఏను తయారుచేసే జన్యువును శస్త్రచికిత్సతో మెదడు లోపలి భాగాల్లోకి పంపుతారు. ఎక్కువ మోతాదు పొంది మూడేళ్లు పూర్తిచేసిన 12 మందిలో, బయటి రోగుల సమాచారంతో పోల్చినప్పుడు, జబ్బు ముదిరే వేగం 75 శాతం తగ్గిందని కంపెనీ ప్రకటించింది. సంఖ్య చిన్నది, పోలిక యాదృచ్ఛికంగా విభజించిన బృందంతో కాదు, అయినా ఆశ కలిగించే సమాచారమే. కానీ ఆ చికిత్స సరిచేస్తున్నది దారితప్పిన ఏ సహజ మైక్రో ఆర్ఎన్ఏనూ కాదు. అది కణంలోని యంత్రాంగాన్ని వాడుకుని, 1993 నుంచే కారణమని తెలిసిన ఒకే ఒక్క జన్యువును, హంటింగ్టిన్‌ను, అణచడానికి చేసిన ప్రయత్నం. కారణం ముందు తెలిసింది కాబట్టే గురి స్పష్టంగా ఉంది.

కారణం నుంచి గురిదాకా గొలుసు మొత్తం కలిసిన ఉదాహరణ కావాలంటే నేను 22వ క్రోమోజోములో ఒక చిన్న భాగం లోపించే స్థితిని చూపిస్తాను. సుమారు 4,000 జననాల్లో ఒకరికి ఇది ఉంటుంది, వాళ్లలో దాదాపు నాలుగోవంతు మందికి యుక్తవయసు దాటాక స్కిజోఫ్రీనియా వస్తుంది. పోయిన భాగంలోనే డీజీసీఆర్8 అనే జన్యువు ఉంది, అది డ్రోషా అనే ఎంజైమ్‌తో కలిసి మైక్రో ఆర్ఎన్ఏ తయారీలో మొదటి కోత వేస్తుంది. మిర్-185 జన్యువు కూడా అక్కడే ఉంది. 2008లో ఇదే లోపాన్ని ఎలుకలో తయారుచేసినప్పుడు కొన్ని మైక్రో ఆర్ఎన్ఏల తయారీ తగ్గినట్టు, నాడీకణాల కొమ్మలు చిన్నవైనట్టు కనిపించింది. 2013లో అదే బృందం, ఈ రెండు నష్టాల వల్ల ఈఎంసీ10 అనే ఒక ప్రొటీన్ పరిమాణం అదుపు తప్పి పెరుగుతోందని చూపింది. 2017లో ఈఎంసీ10ను జన్యుపరంగా మామూలు స్థాయికి తెస్తే, ఎలుకల్లోని లోపాల్లో కొన్ని సరైపోయాయి, అన్నీ కాదు. ఆ తర్వాత పూర్తిగా ఎదిగిన ఎలుకల మెదడులోకి ఆ ప్రొటీన్ మెసెంజర్ ఆర్ఎన్ఏను తగ్గించే అణువును ఎక్కించి చూశారు. లోపం గర్భంలోనే మొదలైనా, మెదడు ఎదుగుదల ముగిసిన తర్వాత ఇచ్చిన ఆ చికిత్సతో ప్రవర్తనా లోపాలు కొంత మెరుగుపడ్డాయి. మైక్రో ఆర్ఎన్ఏను తిరిగి ఇవ్వకుండా, అది అదుపులో ఉంచాల్సినదాన్ని నేరుగా అదుపులోకి తెచ్చే ఈ దారి మనుషుల్లో పనిచేయాలంటే, ముందుగా ఈ స్థితి ఉన్నవారి కణాల నుంచి తయారుచేసిన నాడీకణాల్లోనూ ఈఎంసీ10 ఇలాగే పెరుగుతోందని, దాన్ని తగ్గిస్తే ఆ కణాల కొమ్మలు, సంకేతాలు మామూలు స్థితికి వస్తున్నాయని మళ్లీ మళ్లీ, వేర్వేరు ప్రయోగశాలల్లో, వీలైనంత ఎక్కువమంది కణాల్లో చూడాలి.